సిరోంచ కింద

పొద్దున ఆరింటికి బంకు గేటు తీస్త.
గీతల కడ్డీకి పేస్టు రాసి నేలలోని ట్యాంకుల దింపుత.
తడి ఎక్కడి దాకా వచ్చిందో చూసి
రిజిస్టరుల మరాఠీ అంకె వేస్త.
లెక్క మాత్రం నోట్ల, తెలుగుల.

ఇరవై రెండేండ్లప్పుడు ఇదే నేలకు చెవులు నాటిన.
నారింజ రంగు చెవులు. కింద మేకు, వెనక తీగె.
మిరపచేన్ల నుంచి, ప్రాణహిత ఇసుక నుంచి,
టేకు కూపుల నుంచి, ఎక్కడా వంకర పోకుండ.
ఎర్రయ్య సంచి మోసేటోడు,
నేను మడిమెతోని తొక్కి దింపేటోణ్ణి.
దూరాన మందు పేలేది.
"కదలొద్దు, దగ్గొద్దు" అని మైకు.
ఊపిరి బిగబట్టి నిలబడినందుకు కూలి ఇచ్చిన పని
మళ్ల నాకు దొరకలేదు.

రాత్రి డేరా ముందు ఖోబ్రాగడే సారు
జొన్నరొట్టెను రెండు చేతుల పట్టి గుంజిండు.
నడుమ సాగింది, కుంగింది. అంచులు నిలబడ్డయి.
"ఇదే మీ లోయ.
ఈ కుంగిన చోటికి ఏర్లు మట్టి తెచ్చినయి.
అడవి మునిగి బొగ్గైంది,
పెద్ద బల్లులు మునిగి రాయైనయి.
గోదారి ఈ పగులు వెంటనే నడుస్తది.
ఆ కొసకు, సముద్రం కాడ, గ్యాసు."

"మరి ఈ కొసకు?" అన్నడు ఎర్రయ్య.

సారు కల్లు లొట్టి దిక్కు చూసిండు.
"లొట్టి ఉంది. కల్లు కూడా ఊరిందేమో.
మూత ఉందా లేదా, అదే వెతుకుతున్నం.
పగులు రాయిని జార్చి
ఇసుకరాతికి ఎదురుగ బంకరాయిని నిలిపిందనుకో,
తలుపు పడ్డట్టే. నూనె కోట్ల ఏండ్లు ఆగుతది.
నేల మళ్ల కదిలితే
అదే పగులు తలుపు తీస్తది.
ఏదో వాగు కొన్నాళ్లు మెరిసి ఊకుంటది,
చూసేటోడు ఉండడు."

"మా అన్నదమ్ముల నడిమి గోడ లెక్క" అన్నడు ఎర్రయ్య.
సారు నవ్వలేదు. రాసుకున్నడు.

తర్వాత రిగ్గు నిలబడ్డది. నాలుగు నెలలు
రాత్రంత వెలుగు, దాని చుట్టు పురుగులు.
సర్పంచు బావమరిది లాడ్జి కోసమని
ఇరవై మంచాలు చేయించిండు.
ఒకనాడు పైపులు విప్పుతుంటే అడిగిన.
"నూనె ఉండె" అన్నడు సారు, "మనం లేటైనం."
ఎంత?
"ఆరేడు కోట్ల ఏండ్లు."
బస్సు తప్పినోని లెక్క చెప్పిండు.

పోయేనాడు చెవులు లెక్కపెడితే ఒకటి తక్కువ.
ఇద్దరికీ రెండ్రోజుల కూలి కోసిండ్రు.
ఎర్రయ్యకు ఇప్పటికీ తెల్వదు,
అది మా అటక మీద ఉన్నది.
నిద్ర పట్టని రాత్రి దాన్ని వాకిట్ల గుచ్చుత.
తీగె ఆ కొసకు ఏమీ లేదు.
అయినా దగ్గు ఆపుకుంట.

బేస్తవారం వంతెన దాటి ట్యాంకరు వస్తది.
పైపు తగిలించి పక్కన నిలబడుత.
ఎక్కడి రాతినుంచి, ఏ సముద్రం అడుగు నుంచో తెల్వదు,
గుడగుడమని దిగుతది.
ఎర్రయ్య కొడుకు బండి తోలుకుంట వచ్చి,
వంద రూపాలది పొయ్యమని,
ఎప్పటి లెక్కనే అడుగుతడు:
"ఏందిరా, తగిలిందా?"

కడ్డీ పైకి తీసి చూపిస్త.
"తగిలింది. మీటరున్నర లోతుల."

అని, మూత మళ్లొకసారి
గట్టిగ తిప్పి చూస్త.