నీళ్లు చెరిపిన ఖాతా

దరియా హుస్సేన్ షాపు షట్టర్ మీద
బురద గీత ఇంకా పోలేదు.
"దరియా" గీతకు పైన బతికింది,
"సౌండ్స్" కింద ములిగిపోయింది.

సింగ్‌నగర్‌లో బుడమేరు వారం రోజులు కాపురముంది.
పోతూ పోతూ
నాలుగు యాంప్లిఫయర్లనీ, పదహారు చానళ్ల మిక్సర్‌నీ,
పెళ్లిళ్ల సీజనుకని అప్పుచేసి కొన్న బాక్సుల్నీ
చచ్చిన చేపల్లా వెల్లకిలా పడేసి పోయింది.
"నా పేరే దరియా, నీళ్లతో నాకు తగువేంటబ్బాయ్"
అని నవ్వాడాయన.
ఆ నవ్వు మాకు నిద్రపట్టనివ్వలేదు.

మేమంటే ఎవరనీ?
నేను పగలు మందుల కంపెనీ బ్యాగు, రాత్రి బేస్ గిటారు.
ఏస్తేరు రాణి ఆదివారం పొద్దున చర్చిలో కీబోర్డు,
మిగతా వారమంతా ఏ చర్చీ పాడనివ్వని సొంత పాటలు.
ట్యూషన్‌కని ఇంట్లో చెప్పొచ్చి
పటమట యాసలో ర్యాప్ దంచే ప్రదీప్తి.
పెళ్లి బ్యాండు క్లారినెట్టు కోటిలింగం మామకైతే
మా పాటలు ఒక్క ముక్క అర్థం కావు,
"శ్రుతి చెప్పండి చాలు" అంటాడు.

ఒకరి పాట ఇంకొకరికి పడదు.
నిజం చెప్పాలంటే మనుషులం కూడా అంతే.
పోస్టరు మీద ఎవరి పేరు ముందుండాలని
ఏలూరు రోడ్డు టీ బండి దగ్గర
రెండు రాత్రులు కొట్టుకున్నాం.
మూడో రాత్రి బండాయన గ్లాసులు కడుగుతూ అడిగాడు,
"ఇంతకీ ఆయన పేరేశారా?"

వెయ్యలేదు.

మొగల్రాజపురంలో కార్లు బాగుచేసే షెడ్డు.
గోడలకి గ్రీజు, నేల మీద తాటాకు చాపలు.
సౌండు గవర్నర్‌పేట అబ్బులుది.
ఇరవయ్యేళ్లుగా దరియాకి పోటీ, మాటల్లేవు.
"అద్దె వద్దు, ఆయనకి నా పేరు చెప్పొద్దు" అన్నాడు.

దరియాని ముందు వరసలో కుర్చీ వేసి కూర్చోబెట్టి
శాలువా కప్పాం.
జ్వరమొచ్చినవాడిలా దాంట్లో ముడుచుకున్నాడు.
రెండో పాటకి స్పీకర్లలో జుమ్మని తుమ్మెద మోత.
అబ్బులు మీటలన్నీ తిప్పాడు. పోదు.
ఏస్తేరు ఆగింది. జనం దగ్గారు.
శాలువా కుర్చీకి తగిలించి, లుంగీ ఎగ్గట్టి
దరియా స్టేజీ కిందకి దూరాడు.
"ఎర్తింగ్ లేదురా అబ్బులూ!"
ఇరవయ్యేళ్ల తర్వాత మొదటి మాట.

మోత ఆగింది.
ఆ రాత్రి అందరికన్నా పెద్ద చప్పట్లు
ఆ నిశ్శబ్దానికే పడ్డాయి.

చివరి పాటకి ముందు
టిక్కెట్ల డబ్బు పెయింటు డబ్బాలో పోసి ఇచ్చాం.
చెయ్యి చాపలేదు.
"ఊరికే వద్దు" అని సంచిలోంచి ఖాతా పుస్తకం తీశాడు.
ఉబ్బి అప్పడంలా వంకరపోయింది.
పేజీలు విడదీస్తే లోపలంతా నీలం మబ్బు.
"ఎవరెంత బాకీయో ఇందులో ఉండేది.
ఇప్పుడెవరికి తెలుసు?"

ఎవరం తలెత్తలేదు.
ఎవరిది వాళ్లకి తెలుసు.

కోటిలింగం మామ గొంతు సవరించుకున్నాడు.
"అమ్మాయి పెళ్లికి మైకుసెట్టు. పన్నెండొందలు."
ఏస్తేరు: "నాన్న సమాధి కార్యక్రమం రోజు పెట్టినవి..."
అంకె చెప్పలేకపోయింది.
ప్రదీప్తి ముక్కు తుడుచుకుని, "నావి రెండు షోలంకుల్."
నేను మైకు ముందుకెళ్లి
అంతమందిలో చెప్పాను,
"మూడు వేల అయిదొందలు. తర్వాత ఇస్తానని అయిదేళ్లు."

"అబద్ధమాడకు" అన్నాడు దరియా.
"నీది రెండు వేల ఎనిమిదొందలే."

ఒక్క అంకే కాదు,
ఏ రోజు ఏ వైరు తెగిందో కూడా ఆయనకి గుర్తుంది.
మేం మరిచిపోయామని
ఇన్నాళ్లూ మాకోసం తనూ మరిచిపోయాడంతే.

అబ్బులు సెట్టు పక్కనే
తన బాక్సొకటి తెచ్చి పెట్టుకున్నాడు,
మేడ మీద నెల్లాళ్లు ఎండబెట్టి బతికించింది.
నన్ను దానికి కలిపాడు.
నేను లావు తీగ మీటాను.

బాక్సు ఒక్కసారి తుమ్మి
నా కాళ్ల మీద
పిడికెడు బుడమేరు దుమ్ము పోసింది.