యాభై మూడో వారం

సోమవారం. క్రేన్ ఎక్కడానికి ఇంకా పావుగంట.
ఫ్లాస్కు మూతలో కాఫీ పొగలు,
బ్రేమర్‌హాఫెన్ రేవంతా తడి ఇనుము వాసన.
ఫోన్‌లో జాబితా తెరిచాను:
యాభై దాటిన ఆడవాళ్ళ వరుసలో
నేను నలభై ఒకటి.
పోయిన వారం నలభై రెండు.

ఈ ఏడు రోజులూ జ్వరంతో దుప్పట్లో ఉన్నాను.
స్లెడ్ తోయలేదు, తాడు లాగలేదు,
ఇసుక మూట భుజానేసుకుని
మోకాలు నేలకి ఆనించలేదు.
అయినా ఒక మెట్టు ఎక్కాను.

"పడుకుంటే పైకి పోయే పరుగేంటి, హిల్కె?"
నవ్వాడు ఓనో, కంటైనర్లకి కడ్డీలు బిగించేవాడు.

వినవయ్యా, లెక్క చెప్తాను.
గెలిచినామెకి వెయ్యి.
ఆమె గంటా ఎనిమిది నిమిషాల్లో ముగించి
నేను గంటా పాతిక తీసుకుంటే
నాకు ఎనిమిది వందలు.
పెద్ద ఊరి పోటీకి తూకం ఎక్కువ,
పశువుల సంత జరిగే షెడ్డులో పెట్టేవాటికి తక్కువ.
ఎన్ని పరిగెత్తినా మెరుగైన మూడే చూస్తారు.
ఏడాది నిండిందా,
యాభై మూడో వారం, ఆదివారం అర్ధరాత్రి దాటగానే
ఆ పరుగు రాలిపోతుంది.
ఎవరూ చెరపరు. దానంతటదే.

"పాల ప్యాకెట్టులాగా."
పాల ప్యాకెట్టుకైతే ముందు వాసన వస్తుంది, అన్నాను.

నలభై ఒకటి నిన్నటిదాకా ఇంకొకరి చోటు.
గెజీనె ఓల్ట్‌మన్స్, ఎమ్డెన్.
రెండేళ్ళుగా నా నెత్తిమీద అదే పేరు.
ఒక్కసారే చూశాను, హనోవర్‌లో, అదీ వీపు:
ఉల్లికాడల కట్టకి చుట్టే నీలం రబ్బరుతో ముడి.
అరవయ్యో బంతి దాటాక
ప్రతి అంకెనీ వాళ్ళ పల్లె యాసలో తిట్టింది.
నాకంటే నాలుగు సెకన్ల ముందు గీత దాటి
సగం తాగిన నీళ్ళ సీసా వెనక్కి చాపింది,
ఎవరు అందుకున్నారో చూడనైనా లేదు.

ఆ తర్వాత ప్రతి సోమవారం
నా అంకె కన్నా ముందు ఆమె అంకె వెతికాను.
నలభై మూడు. యాభై ఎనిమిది.
ఈస్టరు దాటాక నూట ఆరు.
మొదట లూబెక్ రాలింది, తర్వాత కీల్,
చివరికి హనోవర్ కూడా,
దాంతోపాటే ఆ నాలుగు సెకన్లు.
ఒక సోమవారం పేరే లేదు.
సున్నాకి వరుస సంఖ్య ఇవ్వరు.

ఎమ్డెన్ చావు ప్రకటనలు చదివాను.
ఓనోకి ఈ మాట చెప్పలేదు.

జూన్‌లో ఓల్డెన్‌బుర్గ్.
ఏడు కిలోమీటర్లు దాటి, ఎనిమిదోది ఈడ్చి,
ఆఖరి గోడ ముందుకొచ్చాను. వంద బంతులు.
పసుపు కోటులో ఒకామె
బొటనవేలితో మీట నొక్కుతూ నా పక్కన నిలబడింది.
"చెల్లదు."
ఇంకా కిందికి కూర్చున్నాను.
"చెల్లదు. తుంటి మోకాలి కిందికి రావాలి."
అరవై దాటాక కాళ్ళు నావి కావు.
"చెల్లదు" అంటూ ఆమె వంగినప్పుడు
మెడ వెనక కనిపించింది, నీలం రబ్బరు.

వందోది పడగానే ఊపిరి కోసం గోడకి ఆనుకున్నాను.
నా చేతి పట్టీ మీద పేరు చదివి అంది:
"నలభై రెండు నువ్వేనా?"
రెండేళ్ళు నేను పైకి చూస్తుంటే
తను కిందికి చూసిందన్నమాట.
"తుంటి మార్చారు. పింగాణీది,
టీ కప్పులాంటిదే.
మా వైపు టీ కప్పులు ఎవరూ పగలగొట్టరులే."

మూడు బంతులు కోసేసినందుకు కోపం ఉంది,
ఇప్పటికీ ఉంది.
నీళ్ళు సగం తాగి సీసా చాపాను.
అందుకుంటూ నా మొహం చూసింది.
ఏదో అనబోయాను.

"పక్కకి జరుగు," అంది,
"వెనక మనిషి వస్తోంది."