ఖాళీ గడి

పట్నంల ఆఫీసేదో మూతబడితే
పదకొండు కార్పెట్ ముక్కలు
బస్సు టాపు మీదేసి జడ్చర్ల తెచ్చిండు అంజిలయ్య.
నాలుగు మూళ్లు పన్నెండు గావాలె, ఒకటి తక్కువ.
బూడిద రంగు. ఒకదాని మీద ఇంకా
ఏ సారుదో కుర్చీ గిరకల గుంత.

గమ్ము వద్దన్నడు. షాబాదు బండల మీద
అంచుకు అంచు కలిపి పరిచినం.
చాయ్ ఒలికితే ఆ ఒక్కటే లేపి
బోరు కాడ కడిగి గోడ మీద ఆరేసుడు.
లేని ముక్క జాగ తలుపు దిక్కు ఉంచినం,
చెప్పులిడిసేటందుకని.

మే నెల. కరెంటు పోయింది.
బాలకిష్టమ్మత్త మెల్లగ జరిగి
ఆ ఖాళీ గడిల రెండు పాదాలు ఆనిచ్చి
"అబ్బ, సల్లగున్నది" అన్నది.
పిల్లలు లైను గట్టిన్రు.

రాత్రికి ఇంకో ముక్క లేపినం.