ఏ పద్దు కింద?

మార్చి ముప్ఫయ్యొకటి, రాత్రి పదకొండు.
తాళ్ళరేవులో రొయ్యల కంపెనీ ఆఫీసు గది,
గోడ అవతల ఐసు మిషన్ల హోరు.
ఇరవై రెండేళ్ళుగా ఇక్కడ లెక్కలు రాసే చెయ్యి నాది.

భాస్కరం గారు ఒక కాగితం దగ్గర ఆగిపోయారు.
"మడమొక్కలకీ కాలవలు తవ్వినందుకీ
పద్నాలుగు లక్షలా!
ఏ పద్దు కింద రాస్తావయ్యా దీన్ని?
దానధర్మాలా?"

కాదండి.
గుళ్ళో ఫ్యాన్లకిచ్చింది దానం,
రెక్కల మీద మన పేరు రాయించాం కూడా.
దీని మీద పేరు నిలవదు.
పోటుకి మునుగుతుంది, పాటుకి తేలుతుంది.

ముందటేడు తుఫాను గుర్తుందా,
మూడో నంబరు చెరువు గట్టు?
రాత్రి ఉంది, తెల్లారి లేదు.
దాని ముందున్న మడ నరికించింది మనమే.
ఆ కూలి కూడా నేనే రాశాను, 'అభివృద్ధి' అని.
ఏడో నంబరు దగ్గర మిషను బురదలో దిగబడితే
విసుగొచ్చి వదిలేశాం.
ఆ విసుగే ఓ పంట రొయ్యని కాపాడింది.
ఎక్కడ రాశానో వెతకండి, దొరకదు.
జరగని నష్టానికి
మన పుస్తకంలో గడి లేదు.

మనం వదిలే మురుగునీళ్ళు
కాలవ చివరికెళ్ళేసరికి తేటపడతాయే,
వడపోసేదెవరండీ?
జీతం లేదు, బోనసు లేదు,
మన కంపెనీ కన్నా ముందునించీ సర్వీసు.

గాడిమొగ నించొచ్చిన ఓలేటి సత్యకొండ
మోకాటి లోతు బురదలో నిలబడి
చేపముల్లులా కాలవలు గీయించింది,
నడుమ వెన్నూ, అటూ ఇటూ సన్నెముకలూ.
"ఉప్పు తేలి చచ్చిన నేలండి,
నీళ్ళు తాగడం మళ్ళీ నేర్పాలి" అంది.
మస్టరులో ఆవిడ వేలిముద్ర పక్కన మట్టి మరక.
అదిగో, మీ బొటనవేలి కింద.

జనరేటరుకి తరుగు రాస్తాను,
లారీలకి, ఏసీలకి, ఈ కుర్చీకి కూడా.
ఏటికేడాదీ పెరిగే ఆస్తికి
గడి గీయడం నాకెవరూ నేర్పలేదు.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.
"బ్యాంకు వాళ్ళు ఒప్పుకుంటారంటావా?"
వాళ్ళ బ్రాంచీ కూడా
సముద్రానికి తొమ్మిది కిలోమీటర్లేనండి.

చాలాసేపటికి,
"గట్ల మరమ్మతు కింద వేసెయ్" అన్నారు.
అది సరైన పద్దు కాదు.
అయినా వేశాను.

మొక్కల్లో సగం పీతలు కొరికేస్తాయని
సత్యకొండ ముందే చెప్పింది.
ఆ సంగతి ఇవాళ చెప్పలేదు.
వచ్చే మార్చిలో మళ్ళీ అడగాలి.