బ్యాండు గది నేల

తాళాల గుత్తి నాది.
ముప్పై ఒక్క ఏళ్ళు ఈ బడికి
పొద్దున ఆరింటికి వెలుగిచ్చింది నేను,
సాయంత్రం చీకటి చేసిందీ నేనే.
సంగీతం నాకు రాదు.
బాయిలర్ పైపుల్లోంచి ఎంత దిగొస్తే అంత.

రాగ్నా ఐనార్సన్ వచ్చిన ఏడు
విన్నిపెగ్ సరస్సు తొందరగా గడ్డకట్టింది.
ఆమెది సగం ఉద్యోగం.
అందులోనూ పొద్దున సంగీతం, ఆపైన వ్యాయామం,
మెళ్ళో ఈల రెంటికీ ఉమ్మడి.
గది లేదంటే చీపుళ్ళ గది ఖాళీ చేసిచ్చాను.
మూతబడ్డ వైమానిక స్థావరంవాళ్ళు వదిలేసినవి
నాలుగు క్లారినెట్లు, ఒక ట్రంపెట్, సొట్టల ట్యూబా,
ట్యూబాలో ఎలుక కట్టుకున్న కాపురం.
"ఓస్టప్, నీ దగ్గర సోల్డరింగ్ కడ్డీ ఉందా?"
ఆమె నాతో అన్న మొదటి మాట అది.
పలకరింపు మర్నాడు.

ఆరుగురు పిల్లలు.
మొదటి నెలంతా పైపుల్లో
ఈనలేక మూలిగే ఆవు.
డిసెంబరుకి ఆవు ఈనింది:
మూడే మూడు స్వరాల పాట
తడి కాళ్ళమీద తూలుతూ నిలబడింది.
ఆ రోజు నేను నిచ్చెన దిగడం మర్చిపోయాను.

తర్వాతి సంగతి కుర్చీల లెక్కలో చెబుతాను,
నాకు తెలిసిన లెక్క అదే.
ఆరు పదహారయ్యాయి. పదహారు నలభై.
చీపుళ్ళ గది చాలక వంటగది, అదీ చాలక వ్యాయామశాల.
పక్క ఊరి బడి కూడా అడిగితే
పాత వ్యానులో డోలు వేసుకుని
మంచు తుపానులో పోయేది,
గుంత వచ్చినప్పుడల్లా డోలు ఒక దెబ్బ కొట్టేదట.

చేప పడని ఏడాది
బోర్డువాళ్ళు కత్తెర పట్టుకొచ్చారు.
ఆమె సంచిలోంచి ట్రంపెట్ మూతి ముక్క తీసి
అధ్యక్షుడి ముందు పెట్టింది. "ఊదండి."
గాలి వచ్చింది. ఇంకాస్త గాలి వచ్చింది.
ఆయన చెవులు ఎర్రబడ్డాయి.
"దీనికి తొమ్మిదేళ్ళ పిల్లకి నాలుగు వారాలు పట్టింది"
అని కూర్చుంది.
మరుసటేడు సగం ఉద్యోగం మొత్తమైంది.

ఏటా జూన్‌లో వాయిద్యాల లెక్క.
ఆమె నంబరు చదివితే నేను పెట్టె ఎత్తి చూపాలి.
పదిహేడు దగ్గర నా చేతులు ఖాళీ.
ఫ్రెంచ్ హార్న్ అది,
డెల్బర్ట్ సింక్లేర్ తీసుకెళ్ళింది.
తండ్రి నడుం విరిగాక, పదిహేనేళ్ళకే
బడి మానేసి వలలు పట్టాడు వాడు.
పోయిందని రాసెయ్యమన్నాను.
"ఇంటి దగ్గర సాధనలో ఉంది" అని రాసింది.
పద్నాలుగు జూన్లు అదే వాక్యం, అదే నీలి సిరా.
నేను అబద్ధాల పద్దు అనేవాణ్ణి.

ఒక సెప్టెంబరు పొద్దున
తనకన్నా పెద్ద పెట్టె ఈడ్చుకుంటూ ఒక పిల్ల.
మేవిస్ సింక్లేర్. ఐదో తరగతి.
పెట్టె తెరిస్తే ఇత్తడి తళతళ,
మీటలకు కొత్త నూనె,
మఖ్మలు మడతలో రెండు చేప పొలుసులు.
"నాన్న చలికాలం మంచుమీది గుడిసెలో వాయిస్తాడు.
చేపలు పారిపోతాయని తాత తిడతాడు.
ఇప్పుడు తెచ్చెయ్యమన్నాడు."
కాసేపాగి అంది:
"నాకైతే డ్రమ్స్ కావాలి."

రాగ్నా పిల్లకి కర్రలిచ్చింది.
హార్న్ మళ్ళీ ఇంటికే పంపింది.
పద్దులో ఒక్క అక్షరం మార్చలేదు,
మార్చాల్సింది ఏముందని.

నిరుడు ఆమె వెళ్ళిపోయింది.
వీడ్కోలు సభలో మాట్లాడమంటే
ట్యూబాకి కొత్త తొడుగు కావాలంది.
ఇప్పుడు ఇద్దరు టీచర్లు, అరవై నాలుగు కుర్చీలు.
అందులో ఒకామె నా చీపుళ్ళ గదిలో నేర్చుకున్నదే.
నేల తడవకుండా పాత వార్తాపత్రికలు పరుస్తానంటుంది.

వద్దమ్మా అన్నాను.
హార్న్ విదిలిస్తే రాలేది ఉమ్మి అనుకుంటారు అందరూ.
కాదు, చల్లబడ్డ ఊపిరి.
అది తుడిచే కదా
నేను ఇల్లు కట్టుకున్నాను.
ఇంకో రెండేళ్ళుంది నాకు.
పడనీ.