కళంకి

సోమవారం షట్టరెత్తగానే
ముందు పలకరించేది వాసన.
ఆదివారమంతా కదలక పడున్న పాలనూనె
తొట్టిలో మురిగి కోడిగుడ్డు కంపు.
"మోటారు వెయ్యకు" అంటాడు మహారణా మేస్త్రి.
"పైతెట్టు తియ్యి ముందు. మీగడ కాదది."

రాయగడ స్టేషను వెనక సందు.
పేపరు మిల్లు రోలర్లూ, ధాన్యం మిల్లు షాఫ్టులూ
రిక్షాబండి మీద వచ్చి పడే చోట
ఒక్క లేతు, ఒక్క డ్రిల్లు, ఒక్క బల్బు.
నేను చేరిన రోజు పేరడిగాడు.
తవిటమ్మ, అన్నాను.
"మంచిదే. నూనె చేతులు తోముకోడానికి
తవుడుని మించింది లేదు.
బెడ్డు మీద మాత్రం పడనీకు, తేమ లాగేస్తాది."

నీళ్ళలో నూనె పొయ్యి, నూనెలో నీళ్ళు కాదు.
బోరు నీళ్ళయితే తెల్లచారలు మిగుల్తాయి,
చూరు కింద బిందె పెట్టు.
పోత ఇనుముకి చుక్క కూడా వద్దు,
దాని నల్లపొడే దానికి నూనె.
అల్యూమినియానికి కిరసనాయిలు.
గంధకం కలిసిన ముదురు నూనెని
ఇత్తడి బుష్షు దరిదాపులకి రానిచ్చావా,
తెల్లారేసరికి కాటుక పూసినట్టు ఉంటాది.
మరలు కోసేటప్పుడు ఆముదం,
కుంచెతో, బేరం ఆడుతున్నంత నిదానంగా.

అన్నీ చేశాను. అయినా
మర్నాడు బెడ్డు మీద ఐదు వేళ్ళు,
ఎర్రగా, గీతలతో సహా.
మేస్త్రి చెయ్యి ఆనిన చోట ఏమీ లేదు.
హెల్పరు దంబు కడ్రక
రోజంతా పట్టుకు వేలాడిన పిడి మీదా లేదు.
నేను ముట్టిందల్లా తుప్పు.

"కళంకి లాగిలా" అన్నాడు
కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి.
నాకు కాళ్ళాడలేదు.
మా ఇంట్లో ఆ మాట చివర సున్నా పెట్టి
ఆడపిల్ల గురించే అంటారు,
తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి.
ఆయన భాషలో అది ఉత్త తుప్పు.
కిరసనాయిలుకి లొంగేది.

"కొందరి చెమటంతే" అన్నాడు.
"బరంపురంలో మా గురువుదీ అదే.
కొలపరికరం చూసి చెప్పేవాళ్ళం
నిన్న ఎవరు వాడారో."
గుడ్డపీలిక నా మీదికి విసిరాడు,
ఎవరిదో పాత బనీను.
తిట్టు కోసం కాసేపు కాచుకున్నాను.
టీ తెమ్మన్నాడు.

ఆ రోజు నుంచీ సాయంత్రం ఆరు నాది.
తడి రజను రాత్రి నిద్రపోకూడదు, ఊడ్చెయ్యాలి.
క్యారేజిని చివరంటా తోసెయ్యాలి,
దాని కడుపు కింద దాక్కున్న నీరే
నెల తిరిగేసరికి గుంటలు తవ్వేది.
చక్కు కింద, ఎవరూ వంగి చూడని చోట,
అక్కడ మొదలెట్టాలి తుడవడం.
ఆఖర్ని చిక్కటి నూనె, పలచగా.
ఇంక చెయ్యి పెట్టకూడదు.
పెడతాను. ఎక్కడో ఒకచోట పడుతుంది.

మా అమ్మ వేలిముద్ర
పాత కాయితాల మీద నీలంగా ఉంటుంది.
నాకు సంతకం వచ్చు.
అయినా రేషను డిపోలో చిన్న డబ్బా మీద
వేలు పెట్టమంటారు.
పెట్టాను. ఎర్ర దీపం.
"తుడుచుకో, మళ్ళీ పెట్టు."
పెట్టాను.
"రెండో చెయ్యి."
అదీ పెట్టాను.
తవుడూ నూనే కలిసి నా గీతల్ని
ఏడాదికింత చొప్పున తినేశాయట.
"నువ్వు నువ్వే అని డబ్బా ఒప్పుకోవట్లేదు"
అన్నాడు డీలరు, జోకనుకుని.
వెనక వరసలో ఎవరో గోనెసంచి దులిపారు.

సంచి ఖాళీగా మడిచి, అట్నుంచటే పనికొచ్చాను.
షట్టరెత్తాను. వాసన.
నిన్న రాత్రి కరెంటు పోయినప్పుడు
తడుముకుంటూ ఆనుకున్న చోట, బెడ్డు మీద,
ఐదుకి ఐదూ.
అరిగిపోయాయన్న గీతలు కూడా
సన్నగా, నారింజ రంగులో.

కాసేపు చూశాను.
బాగుంది.
ఎనిమిదిన్నరకి రోలరు ఎక్కాలి,
కిరసనాయిలు డబ్బా మూత తీశాను.