టికెట్ల జేబు

సద్దుల బతుకమ్మ అయిపోయి పదకొండు రోజులు.
గునుగు పూలకద్దిన రంగు
ఇంకా నా గోర్ల సందుల్ల ఉన్నది.
నిన్న ఆత్మకూర్ల ఒకామె చిల్లర తీస్కుంట
"గోరింటాకా అక్కా?" అని నా చెయ్యి పట్టుకోని చూసింది.

ఇయ్యాల నాకు ఆఫ్.
"ముంగటికి జరగండ్రి" అని ఎవ్వలకూ చెప్పే పని లేదు.
అయినా నాలుగింటికే మెలకువ వచ్చింది,
పరకాల డిపోల బండ్లు స్టార్టయ్యే చప్పుడు ఇన్కుంట
కాళ్లు ముడుసుకోని ఇంకింత సేపు పన్న.
మబ్బుల సలి అప్పుడే మోకాళ్ల దాక వచ్చింది.

లేసి చూస్తె మా అత్త ఓదవ్వ
నడింట్ల పాత చీరెలు మూడు పరిచింది.
ఒక మూలకు సన్నెకల్లు, ఒక మూలకు దాని పొత్రం,
మూడో మూలకు కందిపప్పు డబ్బా.
నాలుగో మూలకు బరువు దొరకక
నా కొడుకు విహాన్‌ను కూసోబెట్టింది.
"కదిలినవో, నిన్ను గూడ కలిపి కుడ్త."

పైన ఏసే ముక్కలు చాటల ఉన్నయి.
మా మామ పంచె, బీడీ నిప్పుకు పడ్డ బొక్కతోని సహా.
లాస్య రెండో తరగతి గళ్ల గౌను.
షాహీన్ టైలరమ్మ ఇచ్చిన జాకెట్ తుంటలు,
తొమ్మిది పచ్చరంగులు, ఒక్కటీ ఇంకోదానితోని కలవది.
మా ఆయన లుంగీ,
ఇంకా కట్టుకుంటనని మొత్తుకుంటనే ఉన్నడు.

నేను లోపలికి పోయి
నా మొదటి ఖాకీ షర్టు తెచ్చి చాటల ఏసిన.
అత్త రెండేళ్లతోని పట్టి పక్కకు పెట్టింది.
"డీజిల్ వాసన. దీని మీద పంటె
రాత్రంత గుంతలల్ల ఎగిరినట్టే ఉంటది."

నేనేమనలే. వంటింట్లకు పోయిన.
బియ్యప్పిండి, నువ్వులు, నానిన శెనగపప్పు,
ఎల్లిపాయ దంచి, కరేపాకు తుంచి,
గిన్నె అడుగుకు సర్వపిండి ఒత్తిన.
నడుమ నడుమ వేలుతోని బొక్కలు పొడిచి
ఒక్కో దాంట్ల నూనె సుక్క.
మిషిన్లు వచ్చినంక టికెట్లకు బొక్కలు కొట్టే పని పోయింది.
చేతికి ఆ యాది మాత్రం పోలే,
గిన్నెల తీర్చుకుంట.

పొద్దు నెత్తి మీదికొచ్చే యాళ్లకు
జిన్నింగు మిల్లు నుంచి రాజలింగు వచ్చిండు,
సంచి నిండ సీతాఫలాలు,
కనుబొమ్మల నిండ పత్తి.
అత్త వాని మొఖం దగ్గరికి గుంజుకోని
ఆ పత్తి పోగులన్ని ఏరింది,
చీరె అంచు లేపి లోపట పెట్టింది.
"ఇది గూడ ఎందుకు పోవాలె."
నలభై దాటినోడు కండ్లు మూసుకోని
పిలగాని లెక్క నిలబడ్డడు.

బొంత మీద తినద్దన్నరు.
అందరం బొంత చుట్టూ కూసోని తిన్నం.
అంచులు కరకర, నడుమ మెత్తగ, ఉసిరి తొక్కు కారంగ.
మాడిన అంచు కోసం మామకూ లాస్యకూ పంచాది.

తిన్నంక నాకు నిద్ర వచ్చింది.
లేసేసరికి ఎండ గడప దాటి పోయింది.
అత్త అద్దాలు ముక్కు కొసకు జారినయి,
సూది నడుస్తనే ఉన్నది,
లాస్య దారాలు ఎక్కించి ఇస్తున్నది.
పంచెకూ గౌనుకూ నడుమ, సరిగ్గ మధ్యల,
నా ఖాకీ.
జేబు మాత్రం మూసి కుట్టలే.

నేను చూస్తున్నట్టు కనిపెట్టింది.
"గుడ్డ గట్టిది," అన్నది, తలెత్తకుండ.
కొంచెం సేపటికి,
"జేబున్న బొంత ఈ వాడల ఎవలింట్ల ఉన్నది మరి."

విహాన్ అప్పుడే సీతాఫలం గింజలు కడిగి
జేబుల పోసిండు.
ఒక్కొక్కలకు ఒక్కో గింజ ఇచ్చి
"హన్మకొండనా, ములుగా?" అని అడుగుతుండు.
అత్త సూది పక్కకు పెట్టి
మొదటి సారి నన్ను చూసి నవ్వింది.
"ములుగు. ఒకటి.
ముసలిదాన్ని, సీటు చూడు."

రేపు పొద్దుగాల ఐదింటికి నాది మొదటి బండి.
ఇప్పుడైతే నలుగురం ఒక్క బొంత కింద,
ఎవ్వలు తిరిగినా గింజలు గలగలమంటున్నయి.
మామ ఆ జేబుల బీడీ కట్ట దాసిండు.
అత్త ఇంకా చూడలే.